ఒక పన్ను తేడా

అరవై వేలు దాటి ఇంకో పదకొండు వేలు తిరిగింది మీటరు.
బెల్టు మార్చాలని తెలుసు.
తెలిసిన పనులన్నీ చేస్తామా ఏటి.

కంటోన్మెంటులో మెకానిక్కు ఏడు వేలన్నాడు,
బెల్టు కాక, టెన్షనరు కాక.
మూడు లాంతర్ల దగ్గర స్పేర్ల కొట్లో డబ్బా ఒకటి కొని
సంచిలో ఉల్లిపాయల మీద పెట్టుకుని
నెల్లిమర్ల వచ్చేశాను.

పాత ఇండికా. పెరట్లో, మునగచెట్టు పక్కన,
జాకీ మీదా రెండు సిమెంటు ఇటుకల మీదా
చక్రం లేని పక్కకి మొహం తిప్పుకుని నిలబడింది.
విప్పిన బోల్టు విప్పినట్టు
ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెట్టింది తవిటమ్మ.
"పైవి పైన, కిందివి కింద. మళ్లీ ఎతుక్కోకు."

ఇరవై రెండేళ్లు జూట్ మిల్లులో చేసింది,
దారం వడికే మిషన్ల మధ్య.
ఆ నారపొడి ఇంకా దగ్గులో వస్తుంది.
తిరిగేవాటి సంగతి
నాకన్నా ఆమెకే తెలుసు.

మూత ఊడింది.
బెల్టుని వేలితో వెనక్కి వంచితే
పళ్ల మొదట్లో సన్నని చీలికలు, మడమ పగుళ్లలా.
"ఇది తెగితే?"
పైన వాల్వులు దిగుతాయి, కింద పిస్టన్లు లేస్తాయి,
ఇద్దరూ ఒకే చోటికి, ఒకే క్షణానికి.
"అయితే?"
"ఇంజనుండదు."
ఇంకేం అడగలేదు. టార్చి దగ్గరగా పట్టింది.

గుర్తులు మసిలో కనపడకపోతే
పిల్ల గోళ్లరంగు తెచ్చి
పై పుల్లీకొకటి, కింద పుల్లీకొకటి, పంపుకొకటి
ఎర్రగా మూడు బొట్లు పెట్టింది.

పాతది తీశాను, కొత్తది వేశాను.
చెప్పడానికి రెండే మాటలు.
పొద్దు అక్కడే గూకింది.
స్పానరు జారింది, వేలు చెక్కుకుపోయింది,
కరెంటు పోయింది, ఎవరి అమ్మనో తిట్టాను.
ఎవరమ్మో ఆమె అడగలేదు.

బిగువు ఎంతుండాలి?
డబ్బాలో కాగితం మీద ఏదో అంకె ఉంది,
అది కొలిచే పరికరం మా ఇంట్లో లేదు.
తవిటమ్మ టార్చి నా నోట్లో పెట్టి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బెల్టు పట్టి మెలితిప్పింది.
కళ్లు మూసుకుంది.
"ఇంకాస్త... ఎక్కువైపోనాది, ఒగ్గు... ఆఁ. అంతే.
పావు మెలి తిరగాల. మరి తిరక్కూడదు.
బిగిస్తే ఏడుస్తాది, ఒదిలితే జారతాది."

తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకుంది.
"ముందు సేత్తో తిప్పు."
స్పానరుతో రెండు చుట్లు, నెమ్మదిగా,
నిద్రలో ఉన్న మనిషిని ఒత్తిగిలబెట్టినట్టు.
ఆగి చూస్తే
కింద బొట్టు గీత మీదే ఉంది. పంపుదీ ఉంది.
పై బొట్టు మాత్రం
ఒక పన్ను పక్కకి.

ఒక్క పన్ను. చిటికెనగోరంత లేదు.
"ఏటౌతాది, నడుస్తాదిలే" అన్నాను, నడుం పడిపోతోంది.

ఆమె మిల్లు వైపు చూసింది.
గోడ అవతల చీకట్లో గొట్టం ఉందో లేదో.
అది కూసినన్నాళ్లు
ఆ కూతకే ఈ ఊరు అన్నం వార్చుకుంది,
ఆ కూతకే పిల్లల్ని లేపింది.
మా పెళ్లి ముహూర్తమైనా బీ షిఫ్టు దిగాకే.
కూత ఆగిన దగ్గర్నించీ
ఏ ఇంట్లో దీపం ఎప్పుడారుతుందో ఎవరికీ తెలీదు.
ఆమె ఇప్పటికీ ఐదుంపావుకి లేస్తుంది,
వెళ్లడానికి చోటేం లేకపోయినా.

"ఇప్పు," అంది. "మళ్లీ ఎయ్యి."

ఇప్పాను. వేశాను.
రెండు చుట్లు. నా భయానికి ఇంకో రెండు.
మూడు బొట్లూ మూడు గీతల మీద కూచున్నాయి.

తెల్లారితే చీపురుపల్లి బేరం,
నలుగురు మనుషులు, ఒక కోళ్ల గంప.
తాళం తిప్పాను. ఒకసారి దగ్గి అందుకుంది.
తవిటమ్మ బానెట్ మీద అరచెయ్యి ఆనించి
లెక్కపెడుతున్నట్టు విన్నది. తలాడించింది.
తరవాత ఇడ్లీ రేకు తీయబోయి ఆగింది.

కింది వరస మూడో గుంటలో
బోల్టొకటి.

"సిన్నదేలే" అన్నాను.
ఆమె నా మొహం కేసి చూసింది.

ఇంజను ఆపి
టార్చి తీసుకుని మళ్లీ కిందకి దూరాను.