జాలీ

బొల్లారంలో మేం కొన్న పాత బంగళాలో
ఒక నిప్పుగూడు ఉంది.
ఏడాదికి పదిహేను రోజుల చలి కోసం
ఎవరో దొర కట్టించుకున్నది.
మేం అందులో చెప్పులు పెట్టేవాళ్లం.

గ్యాస్ మంట బిగించడానికి సదానందం వచ్చాడు.
పెట్టె విప్పలేదు. వెల్లకిలా పడుకుని
టార్చితో పొగగొట్టంలోకి చాలాసేపు చూశాడు.
"పావురాలు కిరాయి లేకుండ ఉంటున్నయ్ సార్."
రెండు బస్తాల పుల్లలు, ఈకలు, ఒక పతంగి తోక.
మాంజా అతని వేలు కోసింది.

పొగబిళ్ల ముట్టించాడు.
పొగ పైకి పోయినట్టే పోయి
చెప్పులు మర్చిపోయిన చుట్టంలా
మా హాల్లోకే తిరిగొచ్చింది.
"ఇయ్యాల పని కాదు."

చలి సంగతి ఎత్తాను. ఇచ్చిన అడ్వాన్సు సంగతీ ఎత్తాను.
"మంటకు గూడ ఊపిరి గావాలె సార్,
లేకుంటే మనది గుంజుకుంటది."

నాలుగో రోజుకి స్టీలు గొట్టం దించి,
గోడకు జానెడు జాలీ పెట్టి,
మళ్లీ పొగబిళ్ల.
ఈసారి పొగ వెనక్కి చూడలేదు.
జాయింట్ల మీద సబ్బునురగ పూసి
బుడగ కోసం కాచుకున్నాడు. రాలేదు.

చాయ్ తాగుతూ, నేను అడక్కుండానే చెప్పాడు:
మౌలాలిలో బావమరిది, స్నానాల గదిలో గ్యాస్ గీజరు,
కిటికీకి అట్టముక్క.
"వాసనేం రాలె.
తలుపు పగలగొట్టినప్పుడు గూడ
నీళ్లు ఎచ్చగనే వస్తున్నయ్."

ఇప్పుడు మంట వెలుగుతోంది.
జాలీలోంచి చలిగాలి మడమలకు కొడుతోంది.
మా ఆవిడ, అక్కడ కర్టెన్ వేద్దామంది.
వద్దన్నాను.