ఎత్తులు రాసుకునే పుస్తకం

యారాడ కొండ మొదట్లో నేరేడు.
టేపు అందక కర్రకి కట్టి కొలిచాను.
ముప్పై రెండడుగులు.
దాని నీడలో లారీ క్లీనరొకడు
ముఖాన తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు.

కొంత ఎక్కాక అదే నేరేడు
నా తలకి రెండు మూరలే పైన.
ఇంకా పైకి, ఎర్రమట్టి పలచబడి
రాతి వీపు బయటపడ్డ చోట
భుజం దగ్గరే ఆగిపోయింది.
పుస్తకంలో అంకెలు దిగుతున్నాయి,
నేను ఎక్కుతున్నాను.

మంచు కొండల మీద
చెట్లు ఆగిపోయే గీతని చలి గీస్తుందని చదివాను.
మా విశాఖలో చలెక్కడిది?
ఇక్కడ గీసేది గాలి.
నోట్లో ఉప్పు పెట్టుకుని వస్తుంది
వైశాఖం నుంచి భాద్రపదం దాకా.
చిగురు పుట్టిన పూటే కొరుకుతుంది.

లైట్‌హౌస్ కనపడే వంపులో
అసిరయ్య కట్టెల కావిడి దించి
"ఇదిగో" అన్నాడు.
నేను పొద అనుకుని దాటేసినది.
కొమ్మలన్నీ ఊరివైపే,
సముద్రం వైపు ఒక్కటీ లేదు,
తడి జుట్టు వెనక్కి దువ్వినట్టు.

"మొక్క కదా" అన్నాను.
"మొక్కేటి బాబూ! నాను గుంటడప్పుడూ ఇంతే ఉన్నాది.
మా తాత గుంటడప్పుడూ ఇంతేనట."

తుపానుకి విరిగి ఎండిన పాయ ఒకటుంటే
రంపంతో పలచటి బిళ్ళ కోశాను.
అద్దం పెట్టి చూస్తే వెంట్రుకల్లాంటి వలయాలు,
ఒకదాన్నొకటి ఆనుకుని.
నలభై దాకా లెక్కపెట్టి తప్పాను.
మళ్ళీ మొదలెట్టి మళ్ళీ తప్పాను.
నడిమి బొడ్డు నడిమిన లేదు,
ఊరివైపుకి జరిగిపోయింది.
గాలి కొట్టే వైపే చెక్క మందం.

అసిరయ్యకి బిళ్ళ చూపించాను.
ఏమీ అనలేదు.
కావిడి బద్ద ఆనే కుడి భుజం మీద
కాయ కట్టిన చోట
బొటనవేలితో ఒకసారి నొక్కుకున్నాడు.

ఆ వేళ చెట్టుకి మూడే కాయలు,
బఠాణీ గింజంతవి.
రెండు నా చేతిలో పెట్టి ఒకటి తను చప్పరించి
"ఉప్పగున్నాది" అని నవ్వాడు ఊదా నాలుకతో.
గింజని గాలికెదురుగా ఉమ్మబోయి, ఆగి,
వంగి, రాయి చాటున ఉమ్మాడు.

పేజీ ఎగరకుండా మోచేతితో అణచి రాశాను.
ఎత్తు: అడుగున్నర.
వయసు గడి ఇప్పటికీ ఖాళీ.
ఇంటికొచ్చి చూస్తే
ఆ ఒక్క పేజీలో నా అక్షరాలన్నీ
ఊరివైపుకి ఒరిగి ఉన్నాయి.