బలపం జారే పలక

తర్లుపాడు రోడ్డులో కాశింబీ పాతసామాన్ల కొట్టు.
సోలార్ పలక రాగానే
అల్యూమినియం చట్రం ఊడదీస్తుంది,
రాగితీగ తొడుగు పళ్లతో పీకుతుంది.
ఆ రెంటికే తూకం.
మిగిలిన నల్లద్దం ఎవడిక్కావాల?

అవన్నీ చేరేది మా పలకల క్వారీ గుంతలోకే.
ముప్పయ్యేళ్లు నేను రాయి చీల్చిన గుంత,
నా దగ్గులో ఇంకా దాని దుమ్ముంది.
అప్పుడు పగిలిన పలకలూ ఇక్కడే పోసేవాళ్లం.
వానకు నాని, పొర విడి,
మెల్లగా మట్టిలో కలిసేవి.

ఇవి కలవవు.
జిగురు అద్దాన్ని వదలదు,
అద్దం లోపలి సీసం గురించి నోరు విప్పదు.
నిరుడు వడగళ్లకు చిట్లినవి
ఇంకా ఎండ తాగుతూనే ఉన్నాయి,
ఇవ్వడానికి ఒక్క దీపమూ లేక.

"వీటిని విడగొట్టే ఫ్యాక్టరీ ఉందంట గదన్నా?"
ఉందంట కాశింబీ.
లారీ బాడుగే సరుకును మించుద్దంట.

గుంతలో వాననీళ్లు.
గుంత పక్కనే బోరు.
ఇప్పటికే పళ్లు గారపట్టిన ఊరు మాది.

నిన్న ఆమె మనవడు చినమస్తాన్
ఓ ముక్క ఏరుకొచ్చి
నా ముందే కూచుని 'అ' దిద్దాడు.
బలపం జారింది.
మళ్లీ దిద్దాడు.
గీత పడింది, ఎర్రగా,
వేలి మీద.