ఏడో నంబరు కుర్చీ

నీళ్ల క్యాను కోసం కిందికి దిగాను.
మెట్లెక్కి వచ్చేసరికి
అధ్యక్షురాలినైపోయాను.

పదకొండు చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి,
దించితే ఎక్కడ తమ మీద పడుతుందోనన్నట్టు.
రుక్మాంగదంగారు తాళాల గుత్తి నా అరచేతిలో పెట్టి
"ముప్పై ఏళ్లమ్మా" అన్నారు. అంతే.
గుమ్మం దగ్గర చెప్పులు కనబడక
చాలాసేపు వెతుక్కుని వెళ్లిపోయారు.
క్యాను మోసుకొచ్చిన కుర్రాడికి
నేనింకా డబ్బులివ్వనే లేదు.

ఓటేరిలో, కుట్టుమిషన్ల రిపేరు కొట్టు మీద గది.
ట్రస్టని బోర్డు ఉంది గానీ
ఉన్నది పద్నాలుగు చక్రాల కుర్చీలు, ఆరు వాకర్లు,
తలవైపు లేచే మంచాలు రెండు
(ఒకదానికి తిప్పే పిడి లేదు),
ఒక రిజిస్టరు.
రిజిస్టర్లో తీసుకున్నవాళ్ల పేర్లు
ఆయన ఒత్తి ఒత్తి రాశారు,
తిరిగొచ్చిన తేదీలు మాత్రం తేలిగ్గా.
కుర్చీ తిరిగొచ్చిందంటే మనిషి నడిచాడనీ కావచ్చు,
నడిచే పని లేకుండా పోయాడనీ కావచ్చు.
ఆ గడిలో తేదీ ఒక్కటే పడుతుంది.

ఏడో నంబరు: వజ్రవేలు, పులియాంతోపు.
గడువు దాటి మూడు నెలలు.

వాన వెలిసిన మర్నాడు వెళ్లాను.
ఆడి నెలలోనే పోయాడట.
కుర్చీ మాత్రం వీధి మొగలో ఉంది.
సీటు మీద ఉడకేసిన వేరుశనగల తట్ట,
చేతిపిడికి కట్టిన గొడుగు,
అడుగున కాళ్లు పెట్టే చోట తక్కెడ.
చక్రాలకు కొత్త ట్యూబులు.
"తీసుకుపోతారామ్మా?" అంది పెంచలమ్మ,
నేను నోరు విప్పకముందే.
"ఈ తట్ట అమ్ముడుపోనీండి, నేనే తోసుకొస్తా."

ఆటోలో కూడబలుక్కున్న మాటలు
ఆటోలోనే మిగిలిపోయాయి.
పావుకిలో కొన్నాను.
కొసరు వేసింది.
ఆ కొసరు పట్టుకున్న చేత్తో
ఏ కుర్చీని లాక్కురాను?

"కొడుంగయ్యూరు పిల్లకి వెన్ను ఆపరేషన్ అయింది,
తల్లి నాలుగుసార్లు ఫోన్ చేసింది.
ఏం చెప్పమంటారు? మనవి వేరుశనగ బళ్లా?"
శేషాచలం గొంతు పెంచలేదు.
చెడ్డవాడైతే బాగుండేది.
కుర్చీ ఒకటి,
కూర్చోవలసిన న్యాయాలు రెండు.

పార్క్‌టౌన్‌లో సర్జికల్ సామాన్ల కొట్టు ముందు
మధ్యాహ్నం దాకా నిలబడ్డాను.
ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో
ఊరి గొంతులన్నీ ఒకదానికొకటి కలిపినదాన్ని,
"సాయం చెయ్యండి" అనే రెండు ముక్కలు
కలుపుకోలేకపోయాను.
చివరికి ఎలాగో అడిగాను.
ఆయన లోపల్నించి ఒకటి తీయించాడు,
కాలిపీట వంకర. సగం ధర.
సగానికి సగమే ఉంది నా దగ్గర.
వారం గడువు పెట్టి, కాగితం మీద సంతకం పెట్టి,
కుర్చీని ఆటో వెనకాల కట్టించాను.

వారానికి వెళ్తే బాకీ లేదన్నాడు.
ఎవరో కట్టేశారు.
శేషాచలమనుకున్నాను నేను.
నేననుకుని శేషాచలం
రసీదు పుస్తకంలో "ఒక శ్రేయోభిలాషి" అని రాసి
నా వంక చూసి తల పంకించాడు.
ఇద్దరమూ కాదని తేలడానికి రెండు నెలలు పట్టింది.
కొట్టాయన పేరు చెప్పడు.
పెద్దాయనేనట, మాటలు తక్కువట,
పోయేటప్పుడు మెట్ల దగ్గర చెప్పులు కనబడక
చాలాసేపు వెతుక్కున్నాడట.

కొడుంగయ్యూరు పిల్ల ఇప్పుడు
ఆ వంకర కాలిపీటని తిట్టుకుంటూ బడికెళ్తోంది.
ఏడో నంబరు గడిలో తేదీ వెయ్యలేదు.
"వాడకంలో ఉంది" అని రాశాను, ఒత్తి.
ఆడిటరు దాని కింద ఎర్రగీత గీశాడు.
గీసుకోనీ.

వచ్చే ఆదివారం మళ్లీ ఎన్నిక.
అందరికన్నా ముందే వెళ్లి
క్యాను ఖాళీ చేసి పెడతాను.
ఎవరు లేస్తారో చూడాలి.