బ్యారన్ అద్దం

పాస్‌బుక్కులో పేరు ఆయనది.
వేలంలో బేళ్ల మీద చీటీ ఆయనది.
కందుకూరు బస్సులో కిటికీ పక్క సీటూ ఆయనదే,
నేనెప్పుడూ అడగలా.

బ్యారన్‌లో ఆకు ఎక్కించిన రాత్రుళ్లు మాత్రం
అద్దంలోంచి డిగ్రీలు చూసేది నేను.
రెండు కట్టెలంటే రెండే.
ఆపంటే ఆపాల్సిందే.

పెళ్లైన కొత్తలో ఓసారి
ఆడది చెప్తే వినేదేందని
మోపు మోపంతా దూర్చాడు.
తెల్లారేసరికి ఆకు మాడి నల్లబడింది.
వాళ్లమ్మ నన్ను తిడతా ఉంటే
గోడకేసి చూస్తా కూర్చున్నాడు.
ఆ గోడ నాకింకా గుర్తే.
అందుకే ఇన్నేళ్లూ
గీతలు చదవడం ఆయనకి నేర్పలా.
నేర్పితే నాకేం మిగుల్తుంది?

నిన్న మూడింటప్పుడు కళ్లు మూతలు పడినై.
లేచి చూస్తే పొయ్యి ముందర ఆయన,
కట్టె చేత్తో పట్టుకుని, లోపల పెట్టకుండా.
"లేపాలా వద్దా అని చూస్తన్నా."
ఎంతసేపట్నించి?
"ఏమో. నువ్వు గురక పెడతన్నావు."

నాలుగు డిగ్రీలు పడిపోయింది.
రంగు కొంచెం పోద్ది, కిలోకి ఐదారు రూపాయలు.
పోనీలే.
"ఇట్టా రాయ్యా, ఈ గీత చూడు" అన్నా.

అద్దం అరచెయ్యంత.
ఇద్దరం చూడాలంటే
చెంపకి చెంప ఆనాల్సిందే.
గడ్డం గుచ్చుకుంది.