నువ్వుగింజంత

జుగ్దిదిలో నా పళ్ల క్లినిక్ మూసి పదకొండు రోజులు.
కుర్చీ మీద దుప్పటి కప్పి తాళం వేసి వచ్చాను.
జ్వరాల వార్డులో వేశారు నన్ను,
పన్ను పీకే చేతికి నాడి పట్టే పని.

మంచానికో కాగితం.
ఊపిరితిత్తులకో గడి, ఆక్సిజన్‌కో గడి, జ్వరానికి మూడు పూటలా మూడు.
మూత్రానికి కూడా ఉంది.
నోటికి లేదు.
నోళ్లన్నీ మాస్కుల కింద,
మావీ, వాళ్లవీ.

ఏడో మంచం ఒతియా తినడం మానేశాడు.
"వాసన పోయిందిగా, రుచీ పోయుంటుంది" అంది నర్సు మ్జియా.
"మొండి ముసలాడు" అన్నాడు తిండిబండి తోసే కుర్రాడు.
గిన్నెలో మొక్కజొన్న ఘోమి
చెంచా నిలబడేంత గట్టిపడింది.

నలభై ఏళ్లు విందుల్లో మాట అందుకున్న మనిషి.
పెళ్లికైనా, మట్టి చేసి వచ్చిన రోజైనా
ఆయన నోరు విప్పందే గ్లాసు లేవదు ఈ చుట్టుపక్కల.
నోట్లో నువ్వుగింజ నానదని పేరు.
రెండ్రోజులుగా తల అడ్డంగా ఊపడమే.

"నోరు తెరువు తాతా."
పాతికేళ్లుగా రోజూ నేననే మాట.
ఈ గదిలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

టార్చి వేశాను.
నాలుక అంచున ఎర్రగట్ల మధ్య తెల్లగా
ఒకటి, రెండు, ఐదు.
నువ్వుగింజలంత.
అంగిట్లో ఎర్రచుక్కలు చిలకరించినట్టు,
కింది పెదవి లోపల పొర లేచిపోయి
పచ్చి పచ్చిగా.

వైరస్సా?
గొట్టంలోంచి వచ్చే గాలికి ఎండిపోయిందా?
ఎన్నాళ్లుగానో లోపల ముడుచుకుని పడుకున్న సర్పి లేచిందా?
మందుల పనా?
నాకు తెలియదు. పెద్ద డాక్టరుకీ తెలియదు.
"దాంతో ఎవరూ చావరు" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు.
నిజమే.
జావ మాత్రం గిన్నెలోనే ఉంది.

ఉప్పునీళ్లలో దూది ముంచాను.
మొదటి అద్దుకి ఆయన వేళ్లు మంచం పట్టీని నొక్కాయి.
ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటే
కాగితం వెనక రాశాడు:
ఊపిరాడని వాళ్ల మధ్య పడుకుని
నాలుక మండుతోందని ఏ మొహంతో చెప్పను?

నాలుగో రోజు తెల్లవారుజామున
ఎనిమిదో మంచం షెర్మదిన్ పోయాడు.
ఇంటివాళ్లని రానివ్వలేదు.
జిప్పు లాగిన చప్పుడు, చక్రాల చప్పుడు,
తర్వాత ఎవరూ దగ్గలేదు కాసేపు.

ఒతియా లేచి కూచున్నాడు.
పుక్కిలించే మందు కప్పు, గులాబీ రంగుది,
బొటనవేలంత,
పైకెత్తాడు.
"షెర్మదిన్."
ఆ "ర్" దగ్గర నాలుక తడబడి, కన్ను మూతపడి, మళ్లీ తెరుచుకుంది.
"నీ ద్రాక్షసారా పులుపు.
అయినా తాగాం."
అంతే.
గంటసేపు మాట్లాడే మనిషి.
నోట్లో పోసుకున్నాడు, మింగబోయాడు,
నా వైపు చూసి
బుద్ధిగా ఉమ్మేశాడు.

ఆ రాత్రి ఏడో మంచం కాగితం అంచున
ఓ గడి గీసి "నోరు" అని రాశాను.
స్కేలు లేదు, వంకరగా వచ్చింది.
వారం తిరక్కుండా కొత్త జిరాక్సులన్నిటా
అదే వంకర గడి,
పక్కనే గులాబీ మందు మరక, నల్లగా.
చాలావాటిలో ఖాళీగానే ఉంటోంది.
ఇవాళ పన్నెండో మంచం కాగితంలో మాత్రం
మ్జియా చేతిరాత:
చూశాను. రెండున్నాయి.
జావ చల్లార్చి పెట్టండి.