కూర్మారావు గ్లాసు

లాసన్స్ బే కాలనీలో మేడ మీద, శనివారం రాత్రి,
నలుగురం, ఒకటే సీసా.
సెలైను ఎక్కించినట్టు చుక్కచుక్కగా
నీళ్ళు కలుపుతాడు దాలినాయుడు.
ఐసు అడిగితే తిడతాడు.

"తంపటేసిన తేగలు" అన్నాను మొదటి గుక్కకి,
"మట్టి దులిపి, పొగ ఇంకా పోకముందు."
"నువ్వుండరా బాబూ, ఇది కేజీహెచ్ వార్డు.
టింక్చరు, తడి దూది."
గౌరీపతి చాలాసేపు నోట్లోనే ఉంచుకుని
జాలరిపేటలో ఎండుచేపల పట్టా ఎత్తేశాక
కింద మిగిలే ఇసక, అన్నాడు.
కాసేపు కొట్టుకున్నాం.
హార్బరు వైపు ఏదో ఓడ
ఒక్క కూత పెట్టి ఊరుకుంది.

కూర్మారావు ఏమీ అనడు.
కరోనా పోతూ పోతూ
వాడి ముక్కుని పట్టుకుపోయింది.
అయినా సీసా ప్రతివారం వాడే తెస్తాడు,
చొక్కా లోపల, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు.

వీధిలైటుకి పట్టి రంగు చూశాడు.
ఒక్క గుక్క.
"మండుతోంది. అంతే."
తర్వాత కుర్చీ నా పక్కకి లాక్కుని,
"ఇందాక తేగలన్నావే,
అవెవరి దొడ్లోవి?"

మొదలెట్టాను.
భీమిలి దారి, మా మావయ్య గునపం,
రాత్రంతా రాజుకున్న తాటాకులు...

కళ్ళు మూసుకుని తాగుతున్నాడు వాడు.
గ్లాసు బల్ల మీదే ఉంది.